దేవదానం లేడని నేను చెప్పలేదు

ఆ రోజుల్లో పిల్లలు ఏదైనా రాస్తే పెద్దవాళ్లు చేతిరాత మాత్రమే చూసేవారు. అక్షరాలు గుండ్రంగా ఉంటే మెచ్చుకునేవారు, వంకరగా ఉంటే చెవి మెలిపెట్టేవారు. రాసినదాంట్లో ఏముందో చదవాలని ఎవరికీ తోచేది కాదు. నాకు అది ఎంతో సదుపాయంగా ఉండేది. ఎందుకంటే పదేళ్ల వయసులో నేను ఒక పుస్తకం రాశాను. ఏడు అధ్యాయాలు, మొదటినుంచి చివరిదాకా ప్రాసలే. అది ఒక నీటిగుర్రం గురించి. ఆ నీటిగుర్రం మూలంగా సికింద్రాబాదులో మా చర్చి సంఘమంతా ఒక వారం పాటు కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చుని నన్ను విచారించి, నేను అబద్ధమాడానని తీర్మానించారు. ఆడలేదని నేనన్నాను. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు, నేనున్నాను. కాబట్టి మళ్లీ చెబుతున్నాను, ఆడలేదు.

అప్పుడు మేము చిలకలగూడలో ఉండేవాళ్లం. నాన్నది గుంటూరు వైపు. రైల్వే ఆఫీసులో గుమాస్తా పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నెమ్మదైన మనిషి. వీధిలో ఎవరు ఏ పార్టీ గురించి ఏమన్నా ‘అవునండీ, నిజమేనండీ’ అనేవారు. ఐదు నిమిషాల తర్వాత ఇంకొకరు వచ్చి సరిగ్గా దానికి ఎదురు చెప్పినా ‘నిజమేనండీ’ అనేవారు. ఆయన గొంతు పూర్తిగా విప్పేది స్నానాల గదిలో పాటలు పాడేటప్పుడే. అమ్మ ఆడపిల్లల బడిలో టీచరు. ఆవిడ ఎవరికీ నిజమేనండీ అనేది కాదు. (నేను ఎవరి పోలికో చదివేవాళ్లే తేల్చుకోవచ్చు.)

అమ్మ బడిలో గోడకు జంతువుల పటం ఒకటి వేలాడేది. సింహం, ఏనుగు, పులి వంటి పేరున్నవాటి మీద పిల్లల వేళ్లు ఆని ఆని నల్లగా మరకలు పడి ఉండేవి. కింద మూలన ఉన్న నీటిగుర్రం మీద మాత్రం ఒక్క మరక లేదు. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. నాకు ఎంత జాలేసిందంటే, రోజూ సాయంత్రం అమ్మ తాళాలు వేసేలోపు పరుగెత్తి వెళ్లి దాని ముక్కు మీద వేలు పెట్టి వచ్చేదాన్ని. కొన్నాళ్లకు అది నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. పటంలో ఇరుకుగా ఉందంది. మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు బన్సీలాల్‌పేటలో ఉండేది, ఆ వీధిలోనే మెట్లబావి. లోతుగా, చల్లగా, ఎన్ని మెట్లు దిగినా ఇంకా మెట్లే. ఒక ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడు నీటిగుర్రాన్ని వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ దింపేశాను. పేరు దేవదానం అని పెట్టాను. మా సంఘంలో మగవాళ్లకు ఉండే పేర్లన్నీ వరసగా అనుకుని చూస్తే, ప్రాసకు ఇంత బాగా లొంగే పేరు ఇంకొకటి దొరకలేదు.

నాన్న ఆఫీసులో రద్దయిపోయిన సరుకు బండ్ల ఫారాలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చేవి. కాగితానికి కటకటగా ఉన్న కాలం, నాకు అవే దిక్కు. ఒక పక్క బొగ్గు, ఉప్పు, వేరుశనగ, రెండో పక్క దేవదానం. అమ్మ కుట్టు దారంతో వాటిని కుట్టుకుని మొదలుపెట్టాను.

‘బన్సీలాల్‌పేట బావిలోన ఉన్నాడు దేవదానం
ఒళ్లు చూస్తే పెరేడు మైదానం, నడక చూస్తే మహా నిదానం
ఎవరు పిలిచినా పలకడు, నాకొక్కదానికే సమాధానం’

ఇది ఒకటో అధ్యాయం ఆరంభం. ఇప్పుడు చదివినా నాకు ఇందులో తప్పేమీ కనపడదు. మూడో అధ్యాయం పకోడీల గురించి.

‘ఉల్లి పకోడీ ముందు పెడితే ఊగాడు దేవదానం
ఆరు తిని అడిగాడు, ఇదేనా తల్లీ మీ ఇంటి అన్నదానం?’

(ఆ రోజు నిజంగానే మా వంటింట్లో ఆరు పకోడీలు తక్కువయ్యాయి. అమ్మ నన్ను అడిగింది. దేవదానం తిన్నాడన్నాను. ఆవిడ నా గౌను జేబు చూసి, నూనె మరక చూసి, ‘దేవదానానికి చెప్పు, రేపు గౌను అతనే ఉతుక్కోవాలని’ అంది. అమ్మకు అన్నీ తెలుసు, తెలియనట్టు ఉండేది.)

ఇంతలో నలభై ఎనిమిదో సంవత్సరం వచ్చింది, ఊరు మారిపోయింది. వీధిలో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, పిల్లలం దగ్గరికి వస్తే మామిడికాయ పచ్చడి గురించి మాట్లాడుతున్నట్టు నటించేవారు. జిల్లాల నుంచి వచ్చే వార్తలు బాగాలేవు. పిల్లలను బెజవాడ పంపిద్దామని ఒకరు, రైలు ఎక్కడమే ప్రమాదమని ఒకరు. కిటికీ అద్దాల మీద కాగితం పట్టీలు అంటించారు. (ఎంత కాగితం దండగ అయిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.) నన్ను గుమ్మం దాటనివ్వలేదు. బన్సీలాల్‌పేట మాట ఎత్తితే నాన్న ‘అమ్మో’ అనేవారు. ఒక మధ్యాహ్నం మా పెంకుల మీదుగా విమానం వెళ్లింది. ఆ చప్పుడుకు మేమందరం మంచాల కిందికి దూరాం. లేచిన తర్వాత నేను ఏడో అధ్యాయం రాశాను.

‘ఆకాశంలో అరిచింది ఇనుప విమానం
నీళ్లలోకి మునిగాడు దేవదానం
మెట్టుమెట్టుకీ పిలిచాను, లేదు సమాధానం’

అంతే. ఎనిమిదో అధ్యాయం రాలేదు. ప్రాసలు అయిపోయాయని కాదు. కళ్లు మూసుకుంటే ఇదివరకు వెంటనే కనపడేవాడు, ఇప్పుడు బావి కనపడేది, నీళ్లు కనపడేవి, అతను మాత్రం లేడు. మూడు రోజులు చూశాను. నవ్వేవాళ్లు నవ్వండి, ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు.

మా గుడిలో ప్రార్థన చీటీల పెట్టె ఒకటి ఉండేది. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే, ఆదివారం పాస్టరు అయ్యగారు చదివేవారు, సంఘమంతా ఆ కష్టం కోసం ప్రార్థన చేసేది. మామూలు రోజుల్లో అందులో ఒకరి కీళ్లనొప్పులు, ఒకరి పరీక్షలు ఉండేవి. ఆ నెలల్లో అన్నీ మనుషుల పేర్లే. ఊరికి వెళ్లి తిరిగిరాని తమ్ముడు, ఉత్తరం రాయని అల్లుడు. ఎవరు ఎక్కడున్నారో నలుగురిలో చదివితే అది ఏ చెవిన పడుతుందో, ఎవరికి ముప్పు తెస్తుందోనని సంఘ పెద్దలకు భయం పట్టుకుంది. అందుకని కోర్టు తాతయ్య ఒక రూలు పెట్టాడు. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయినా, కోర్టు ఆయన్ను వదిలిపెట్టలేదు. గుడి ముందు నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు.

“ఇంటిపేరు రాయద్దు. ఊరు రాయద్దు. మీకు ఏమైతడో రాయద్దు. కింద దస్కత్ అస్సలే వద్దు. పేరు రాయుండ్రి, బాధ రాయుండ్రి, పెట్టెల ఏయుండ్రి. గంతే!”

నేను రూలు తు.చ. తప్పకుండా పాటించాను. ఫారం చివర చిన్న ముక్క చించి ఇలా రాశాను. ‘దేవదానం. మూడు రోజులుగా కనపడడం లేదు. చాలా నిదానమైనవాడు. ఎవరికీ హాని చేయడు. ఆకలికి ఆగలేడు.’ మడిచి, అమ్మ చేయి పట్టుకుని లోపలికి వెళ్తూ, పెట్టెలో వేశాను.

అయ్యగారిది నిండైన గొంతు. ఆయన చదివితే కీళ్లనొప్పులకు కూడా ఏడుపొచ్చేది. ఆ ఆదివారం నా చీటీ తీసి, ఒకసారి తనలో చదువుకుని, కళ్లజోడు సర్దుకుని, “దేవదానం...” అని ఆగారు. తర్వాత మిగతాది మెల్లగా చదివారు. ‘ఆకలికి ఆగలేడు’ అనేసరికి ఆడవాళ్ల వైపు చాపల మీద ఎవరో వెక్కిళ్లు పెట్టారు. ఎవరికీ ఆ దేవదానం ఎవరో తెలియదు. తెలియకపోవడం వల్లే అందరికీ తమవాడే అనిపించాడేమో. గుడి గుడంతా మోకాళ్ల మీద పడి దేవదానం కోసం మొరపెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. పెద్దవాళ్లకు ఇంత మంచి బుద్ధి ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఆ మర్నాడే యూనియన్ సైన్యం మా వైపు బయలుదేరిందన్న వార్త వచ్చింది. పోరు సాగిన ఐదు రోజులూ ఇంట్లోంచి ఎవరూ దూరం వెళ్లలేదు. చుట్టుపక్కల సంఘంవాళ్లు పొద్దు వాలకముందే మా వరండాలో చేరి ప్రార్థన చేసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లేవారు. ఆ ఐదు రోజుల్లో దేవదానం బాగా పెరిగాడు. ట్రంకుపెట్టె అత్తయ్య అని ఒకావిడ ఉండేది. (ఏ క్షణాన ఊరు వదలాల్సి వస్తుందోనని ఎనిమిది నెలలుగా పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుని, సర్దినది చెదరగొట్టడం ఇష్టంలేక రెండు చీరలతోనే కాలం గడుపుతున్న మనిషి.) మొదటి సాయంత్రమే ఆవిడ అంది.

“దేవదానమంటే ఎవరనుకున్నారండీ? మా తోడికోడలి తమ్ముడికి బాగా తెలుసు. కాజీపేటలో ఫైర్‌మన్. ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. ముగ్గురు పిల్లలు పాపం!”

నా దేవదానం బూడిద రంగు, పొట్టి. కాని పెద్దల మాటకు అడ్డురాకూడదని నాకు నేర్పినవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. మూడో రోజుకు ముగ్గురు పిల్లలు ఐదుగురయ్యారు, పెద్దదానికి పెళ్లి కూడా కుదిరింది. నాలుగో రోజున నాన్న కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆయన తనవాళ్లెవరి కోసమూ నలుగురిలో ఏడవలేదు. ఆ వారం మా వరండాలో అందరూ దేవదానం పేరు చెప్పి ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చుకున్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం వాళ్లంతా నా స్నేహితుడి కోసమే ఏడుస్తున్నారనుకుని గర్వంగా ‘ఆమేన్’ అని అందరికంటే గట్టిగా అరిచేదాన్ని.

అంతా ముగిసింది. మిలిటరీ లారీలు వచ్చాయి, జనం రోడ్ల మీదికి వచ్చారు. నాన్న స్నానాల గదిలో గొంతెత్తి పాడారు. ఆ ఆదివారం గుడిలో స్తుతి కూడిక పెట్టారు. ఎవరి మనుషులు క్షేమంగా ఉన్నారో వాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. తమ్ముడు వచ్చాడని ఒకరు, అల్లుడి ఉత్తరం వచ్చిందని ఒకరు చెప్పారు. ప్రతిసారీ అందరూ స్తోత్రం అన్నారు. చివరికి అయ్యగారు లేచి, “దేవదానం అనే సహోదరుని సంగతి మాత్రం మనకింకా తెలియలేదు. ఆయన తాలూకు వాళ్లెవరైనా ఇక్కడుంటే దయచేసి నిలబడండి. ఇక భయపడాల్సిన పనిలేదు” అన్నారు.

భయపడాల్సిన పనిలేదన్నారు కదా అని నేను నిలబడ్డాను.

“ఏమ్మా?” అన్నారు అయ్యగారు.

“ఆ చీటీ రాసింది నేనేనండి.”

“దేవదానం నీకేమవుతాడమ్మా?”

“స్నేహితుడండి.”

మగవాళ్ల వైపు నలుగురైదుగురు దగ్గారు. అయ్యగారు మరింత మృదువుగా, “ఎక్కడుంటాడు తల్లీ?” అన్నారు.

“బన్సీలాల్‌పేట బావిలోనండి.”

“అయ్యయ్యో! బావిలో పడ్డాడా!” అని ట్రంకుపెట్టె అత్తయ్య గుండె మీద చేయి వేసుకుంది. దాంతో ఆడవాళ్లందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. “ఐదుగురు పిల్లలు!” అని ఎవరో శోకాలు పెట్టారు.

“పడలేదండి, అక్కడే ఉంటాడు! అతను నీటిగుర్రమండి!” అని నేను ఆ ఏడుపుల మీదుగా అరిచాను.

నాన్న చెప్పులు సరిచేసుకోవడానికన్నట్టు కిందికి వంగారు. (చెప్పులు గుడి బయట ఉన్నాయి.) అమ్మ మాత్రం నిటారుగా కూర్చుని నా వైపే చూసింది.

కూడిక అయ్యాక గుడి పక్క గదిలో విచారణ. అయ్యగారు, కోర్టు తాతయ్య, ఇంకొక పెద్దాయన. ఆ పెద్దాయన మొదటినుంచి చివరిదాకా ముక్కుపొడి పీలుస్తూ తుమ్మడం తప్ప ఏమీ చేయలేదు. దేవదానం సంగతంతా నా పుస్తకంలో ఉందన్నాను. తెమ్మంటే నాన్న పరుగున ఇంటికి వెళ్లి తెచ్చారు. కోర్టు తాతయ్య దాన్ని బల్ల మీద పెట్టి, మీద చేయి ఆనించి మొదలుపెట్టాడు.

“నేను పెట్టిన రూలు నీకు ఎరికేనా?”

“తెలుసు తాతయ్యా. పేరు రాయండి, బాధ రాయండి అన్నారు. రెండూ రాశాను.”

“మనిషి పేరు రాయాలె బిడ్డా!”

“మీరు మనిషి అనలేదు తాతయ్యా. ఊరు రాయొద్దన్నారు, ఏమవుతారో రాయొద్దన్నారు. రాయలేదు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లు కోర్టులో పనిచేసిన మనిషికి తన మాటే తనకు అడ్డం తిరగడం కష్టంగానే ఉంటుంది. అయ్యగారు గడ్డం కింద చేయి పెట్టుకుని పెదవులు బిగబట్టారు, నవ్వు ఆపుకోవడానికేనని నా అనుమానం. కాని తాతయ్య తగ్గలేదు. సంఘం సంఘమంతా ఏడ్చింది, నవ్వులాటా ఇది? లేనిదాన్ని ఉన్నట్టు రాయడం అబద్ధం, అది గుడి పెట్టెలో వేయడం ఇంకా పెద్ద అబద్ధం. కాబట్టి వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి రెండు మాటలు చెప్పాలి. ‘దేవదానం లేడు. నేను అబద్ధం రాశాను.’ చెబితే పుస్తకం తిరిగి ఇస్తాడు.

“చెప్పకపోతే?” అన్నాను.

“మా ఇంట్ల నీళ్లు కాగే బంబుల ఏస్త. అందరం ఏడినీళ్లు పోసుకుంటం.”

ఆ వారం నాకు ఏడేళ్లంత పొడుగయింది. ఏడు అధ్యాయాల్లో నాకు ఐదోది కంఠతా రాదు. మళ్లీ రాద్దామంటే కాగితం లేదు, అసలు అతనే లేడు. ఆ పుస్తకం కాలిపోతే దేవదానం ఎలా నడిచేవాడో, ఏం మాట్లాడేవాడో చెప్పేది ఇంకేదీ ఉండదు. పుస్తకం దక్కాలంటే అతను లేడనాలి. లేడన్న తర్వాత ఆ పుస్తకం నాకెందుకు? ఇది అంత పెద్ద చిక్కు అని కోర్టు తాతయ్యకు తెలుసో లేదో నాకు తెలియదు. నాన్న నన్ను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలారు.

“రెండు ముక్కలేనే తల్లీ. పైకి అనేసెయ్, నీ మనసులో ఏముందో అది అట్లాగే ఉంచుకో. ఎవరికి నష్టం?”

“అదే కదా నాన్నా అబద్ధమంటే?”

నాన్న లేచి లోపలికి వెళ్లిపోయారు. ఎనిమిది నెలలుగా ఎవరు ఏది వినాలనుకుంటే అది చెప్పి మమ్మల్ని కాపాడుకొచ్చిన మనిషి. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదు. అమ్మ మాత్రం నా జడ అల్లుతూ వేరే విధంగా చెప్పింది.

“నీకు ఉన్నాడనిపిస్తే లేడని చెప్పమని నేననను. కాని నీ చీటీ విని అంతమంది ఏడ్చారే, వాళ్లకేం చెబుతావో అది ఆలోచించుకో.”

ఆదివారం వచ్చింది. గుడి ఎప్పటికంటే నిండుగా ఉంది. (మామూలుగా రానివాళ్లు కూడా వచ్చారు. వాక్యం కోసం కాదని అందరికీ తెలుసు.) అయ్యగారు పిలిస్తే ముందుకు వెళ్లాను. కోర్టు తాతయ్య ముందు బెంచీ మీద, ఒళ్లో నా పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు.

“నా చీటీ విని మీరందరూ ఏడ్చారు. నీటిగుర్రమని రాసి ఉంటే ఏడ్చేవాళ్లు కాదు. రాయనందుకు నన్ను క్షమించండి. కాని దేవదానం లేడని నేను చెప్పను. ఉన్నాడు. కనపడడం లేదు, అంతే.”

తాతయ్య లేచాడు. “సగం చెప్పినవ్, మంచిగనే ఉన్నది. మొదటి మాట చెప్పు. లేడు అను.”

“అనను.”

“అను బిడ్డా. అందరికి ఆకలైతున్నది.”

“అనను తాతయ్యా.”

“అయితే బంబుల పడ్తది మల్ల!” అని ఆయన పుస్తకం పైకెత్తి చూపించాడు. అయినా అతను లేడన్న మాట నోట్లోంచి రాలేదు. రానివ్వలేదు అనడం ఇంకా నిజం.

అప్పుడు వెనక, ఆడవాళ్ల చివరి చాప మీద ఇస్త్రీ అవ్వ లేచి నిలబడింది. ఆమె కంటోన్మెంటులో దొరల బట్టలు ఇస్త్రీ చేసేది. గుడికి అందరికంటే ముందు వచ్చి, అందరి వెనక కూర్చునేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా మాలో చాలామందికి తెలియదు.

“అయ్యగారూ, ఆ పిల్లతోని గా మాట చెప్పియ్యకుండ్రి,” అంది. “నా కొడుకు ఊరికి పోయి నాలుగు నెలలైంది. ఏడున్నడో తెల్వదు. నాకు రాయరాదు. ఎవలతోనన్న చీటీ రాయిద్దామంటే, ఎవలు ఏడ చెప్తరోనని బుగులు. వాని పేరు సుత నోటికి తెచ్చుకోలే. మీరందరు దేవదానం, దేవదానం అని మొక్కుతుంటే, నేను సుత గా పేరు మీదనే నా కొడుకును తల్సుకొని ఏడ్సిన. ఇప్పుడు దేవదానం లేనే లేడంటే, నేను ఏడ్సిందంత ఏడికి పోవాలె?”

కోర్టు తాతయ్య పైకెత్తిన చేయి మెల్లగా దించి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు మెట్టు దిగి ఆడవాళ్ల వైపు వచ్చి, “నీ కొడుకు పేరేంటమ్మా?” అని అడిగారు. ఆమె చెప్పింది. ఒకసారి చెప్పి, మళ్లీ గట్టిగా చెప్పింది. అందరం మోకాళ్ల మీద కూర్చున్నాం. అయ్యగారు ఆ పేరుతో ప్రార్థన చేసి, ముగించబోతూ ఆగి, ‘దేవదానమును కూడా, ఎక్కడున్నా’ అన్నారు. ఆ ‘కూడా’ విన్నప్పుడు నాకు వచ్చిన ఏడుపు ఒక పట్టాన ఆగలేదు.

గుడి వాకిట్లో తాతయ్య నన్ను పిలిచి పుస్తకం ఇచ్చాడు. విప్పి చూస్తే ప్రతి పేజీ కింద ఆయన పొట్టి సంతకం, కోర్టు కాగితాల మీద పెట్టినట్టు. పేజీల్లో అక్కడక్కడ పెన్సిలు గీతలు.

“మూడో అధ్యాయంల ఆరు పకోడీలు తిన్నడు. ఐదో అధ్యాయంల ‘నాడు ఎనిమిది తిన్న’ అంటున్నడు. గిదేంది?” అన్నాడు గంభీరంగా.

“రాసిన తర్వాత ఇంకో రెండు తిన్నాడు తాతయ్యా.”

“అట్లయితే అట్ల రాయాలె.” రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. “దొరికినంక నాకు చెప్పు.”

క్రిస్మసు తర్వాత ఒక ఉదయం ఇస్త్రీ అవ్వ మా ఇంటికి వచ్చింది. పక్కన బక్కగా, గడ్డం మాసిన మనిషి. “ఇగో, వచ్చిండు మన దేవదానం” అని అతని భుజం పట్టుకుని నా ముందు నిలబెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. అతనికేమీ అర్థం కాక నావైపు చూసి నమస్కారం పెట్టాడు. నేను అతన్ని కింది నుంచి పైదాకా చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చాలా నిరాశ కలిగింది. మరీ అంత సన్నగా ఉంటాడనుకోలేదు. అమ్మ అతనికి అన్నం పెట్టింది. ఎక్కడెక్కడ ఉన్నాడో, ఏం పడ్డాడో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. మూడుసార్లు వడ్డించుకున్నాడు.

నా దేవదానం మాత్రం రాలేదు. ఎనిమిదో అధ్యాయం కోసం చాలాకాలం ఎదురు చూశాను, తర్వాత పరీక్షలు, ట్రైనింగు, ఉద్యోగం. తాతయ్య కనపడినప్పుడల్లా కనుబొమలెత్తి అడిగేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, బొగ్గు, ఉప్పు, వేరుశనగలతో సహా. ఇంతవరకు చెప్పింది నా గొప్ప. ఇక చెప్పబోయేది చెప్పకుండా వదిలేయొచ్చు, కాని వదలను. ఇరవై రెండేళ్లప్పుడు పెళ్లిచూపులకు వచ్చినావిడ, మంచి మనిషే, కాఫీ తాగుతూ “మీ అమ్మాయికి కథలూ కవిత్వాలూ రాసే అలవాట్లేమీ లేవు కదా?” అని నవ్వుతూ అడిగింది. గుడి గుడంతా చూస్తుంటే లేడు అనని దాన్ని, ఎవరూ బెదిరించకుండా, ఏ పుస్తకమూ కాల్చబోకుండా, తలవంచుకుని “లేవండీ” అన్నాను. పక్కనే ఉన్న అమ్మ నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. పెళ్లి బాగానే జరిగింది, ఆయనా మంచివారే. కాని ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లపాటు ఎవరడిగినా లేదండీ అనడం ఎంత సులువైపోయిందో! ఆ పదేళ్ల పిల్ల ఎక్కడైనా ఎదురుపడుతుందేమోనని నాకు కొంచెం భయమే. కోర్టు తాతయ్యకే తగ్గనిది నన్ను వదిలిపెడుతుందా?

ఈ మధ్య మా పై వాటాలో కొత్తగా దిగినావిడ మెట్ల దగ్గర నా వేళ్లకు అంటిన సిరా చూసి, “మీరేమైనా రాస్తుంటారా అండీ?” అని అడిగింది. అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, “రాస్తాను” అన్నాను. “దేని గురించండీ?” అంది. “నీటిగుర్రం గురించి” అన్నాను. ఆవిడ నన్ను ఒకసారి చూసి, కూరగాయల సంచీ తీసుకుని పైకి వెళ్లిపోయింది. వెళ్తే వెళ్లింది.